తల పండిన కథ

2023 ఫిబ్రవరిలో మా నాన్నగారు పోయారు. కబురు అందగానే బయలుదేరి, రెండు విమానాలు మారి తెనాలి చేరాను. పదో రోజున కాలువ గట్టున గుండు చేయించుకున్నాను. కార్యక్రమాలన్నీ ముగించుకుని నార్త్ కెరొలైనా తిరిగి వచ్చి ఉద్యోగంలో పడ్డాను. రెండు నెలలు గడిచేసరికి తల మీద అంగుళం జుట్టు మొలిచింది. మొలిచినదంతా దాదాపు తెలుపే. అప్పటికి పన్నెండేళ్ళున్న మా అమ్మాయి ఒక రాత్రి భోజనాల దగ్గర నా తలకేసి చాలాసేపు చూసి, "నాన్నా, తాతయ్య పోయాడని బాధపడి తెల్లబడిపోయిందా?" అని అడిగింది.

అసలు సంగతేమిటంటే, ఆ జుట్టు అంతకు ముందు ఎనిమిదేళ్ళుగా తెల్లబడుతూనే ఉంది. మూడు వారాలకొకసారి, శనివారం పొద్దున్నే, పిల్ల నిద్ర లేవకముందు స్నానాల గదిలో తలుపు వేసుకుని రంగు పూసుకునేవాడిని. నాకు తెల్ల జుట్టున్న సంగతి దానికి తెలియనే తెలియదు. "అదేం కాదమ్మా" అనబోయి ఆగాను. అలా అంటే ఎనిమిదేళ్ళ శనివారాల గురించి చెప్పాలి. పైగా, దుఃఖం వల్ల జుట్టు నెరుస్తుందా లేదా అన్నది నాకూ కచ్చితంగా తెలియదు. "రేపు చెబుతాను" అన్నాను. ఆ రేపు రావడానికి చాలా నెలలు పట్టింది. ఈలోగా చదివినదే ఈ వ్యాసం.

పండటం, బూజు పట్టడం

అనుభవం ఉన్న మనిషిని మనం 'తల పండినవాడు' అంటాం. బాగా నెరిసిపోతే 'ముగ్గుబుట్టలా ఉంది' అంటాం. పండటం అన్న మాటలో ఒక సిద్ధాంతమే దాగి ఉంది. కాయ పండాలంటే వేడి తగలాలి కదా! సుశ్రుత సంహితలో జుట్టు నెరవడానికి 'పలితం' అని పేరు. కోపం, శోకం, శ్రమ వీటివల్ల ఒంట్లో పుట్టిన వేడి తలకెక్కుతుందనీ, పిత్తంతో కలిసి వెంట్రుకలను పండిస్తుందనీ అక్కడ చెప్పారు. వయసు రాకుండానే వచ్చే బాలనెరుపుకి కూడా మన వైద్యులు చెప్పే కారణం ఇదే, వేడి. మా అమ్మ చిన్నప్పుడు నా మాడుకి ఆముదం దట్టంగా పట్టించడం వెనక ఉన్న శాస్త్రం కూడా ఇదే.

గ్రీకులు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా ఆలోచించారు. క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ జంతువుల పుట్టుక గురించి రాసిన గ్రంథంలో ఈ ప్రశ్న వేసుకున్నాడు. వయసు మీరితే ఒంట్లో వేడి తగ్గుతుంది. వేడి చాలక తలలోని తేమ కుళ్ళుతుంది. నిలవున్న రొట్టె మీద బూజు పట్టినట్టు తల మీద తెలుపు వస్తుంది. ఇదీ ఆయన వాదం. మనిషి తరవాత అంత స్పష్టంగా నెరిసే జంతువు గుర్రమేనని కూడా ఆయన గమనించాడు.

ఒకరికి వేడి ఎక్కువైతే తెలుపు, ఇంకొకరికి వేడి తక్కువైతే తెలుపు. ఇద్దరూ చూసింది ఒకే తల. తమ ఊరి వాతావరణాన్ని అందులో చూసుకున్నారేమో అనిపిస్తుంది నాకు. అయితే ఒక తేడా ఉంది. కారణాల జాబితాలో శోకాన్ని చేర్చినవాడు సుశ్రుతుడు. మా అమ్మాయి ప్రశ్న అక్కడ మొదలయింది.

కారణం ఏదైనా, మన పాత కథల్లో తెల్ల వెంట్రుక దాచుకోవలసిన వస్తువు కాదు, అందిన ఉత్తరం. జాతక కథల్లో మిథిలను ఏలిన మఖాదేవుడనే రాజు, తన తలలో మొదటి తెల్ల వెంట్రుక కనబడగానే చెప్పమని క్షురకుడికి ఆజ్ఞ ఇస్తాడు. కనబడిన రోజున దాన్ని బంగారు పట్టకారుతో తీయించి అరచేతిలో పెట్టించుకుంటాడు. క్షురకుడికి ఒక గ్రామం బహుమతిగా ఇచ్చి, కొడుక్కి రాజ్యం అప్పగించి తపస్సుకి వెళ్ళిపోతాడు. కాళిదాసు రఘువంశంలో దశరథుడి ముసలితనం చెవి పక్కన తెల్ల వెంట్రుక రూపంలో వచ్చి, రాజ్యం రాముడికి ఇమ్మని చెవిలో చెబుతుంది. ఉద్యోగ విరమణకి ఇంతకంటే మర్యాదైన నోటీసు నేనెక్కడా చూడలేదు.

రాత్రికి రాత్రి

దుఃఖం, తెల్ల జుట్టు అనగానే యూరప్‌లో అందరికీ గుర్తొచ్చే పేరు మేరీ ఆంటోనెట్. ఫ్రెంచి విప్లవకాలంలో, 1791 జూన్‌లో రాజకుటుంబం పారిస్ నుంచి పారిపోతూ వారెన్ అనే చిన్న ఊళ్ళో పట్టుబడింది. వెనక్కి తీసుకొచ్చాక రాణి టోపీ తీస్తే, ఒక్క రాత్రిలో జుట్టు డెబ్భై ఏళ్ళ ముసలావిడ జుట్టులా తెల్లబడి ఉందని ఆవిడ దగ్గర పనిచేసిన మదాం కాంపాన్ జ్ఞాపకాల్లో రాసుకుంది. 1793 అక్టోబరు 16న గిలొటీన్ ఎక్కేనాటికి రాణి వయసు ముప్ఫై ఏడు. ఇలా హఠాత్తుగా నెరవడాన్ని వైద్యులు ఇప్పటికీ ఆవిడ పేరుతోనే పిలుస్తారు.

ఇది జరిగే పనేనా? తల మీద మనకి కనిపించే వెంట్రుకలో ప్రాణం లేదు. అందుకే కత్తిరిస్తే నొప్పి పుట్టదు. చర్మం కింద కుదురులో తయారయ్యేటప్పుడే అది రంగు వేసుకుని బయటికి వస్తుంది. వచ్చాక లోపల్నుంచి దాని రంగు మార్చే దారి లేదు. ప్రింటర్‌లో సిరా అయిపోతే ఆ తరవాత వచ్చే కాగితాలు తెల్లగా వస్తాయి గాని, ముందే అచ్చయి బల్ల మీదున్న కాగితాలు తెల్లబడవు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కుదురులో రంగు ఇవాళ ఆగిపోయినా, రాణిగారి పొడవాటి జుట్టు పూర్తిగా తెల్లబడటానికి ఏళ్ళు పట్టాలి.

మరి కాంపాన్ చూసిందేమిటి? వైద్యులు చెప్పే ఒక వివరణ పేనుకొరుకుడు. ఈ జబ్బులో శరీరం తన వెంట్రుక కుదుళ్ళ మీద తనే దాడి చేస్తుంది. ఒక్కొక్కప్పుడు ఆ దాడి రంగున్న వెంట్రుకల మీదే ఎక్కువగా జరిగి అవి త్వరత్వరగా రాలిపోతాయి, తెల్లవి మిగిలిపోతాయి. నెరిసి కొంత, నల్లగా కొంత ఉన్న తల కొద్ది రోజుల్లో తెల్లగా కనిపిస్తుంది. ఇంకో వివరణ ఇంకా మామూలుది. రాణివాసపు హంగులూ పౌడర్లూ దూరమయ్యాక, ముందునుంచీ ఉన్న తెలుపే బయటపడి ఉండొచ్చు. ఇది చదివినప్పుడు నాకు తెనాలి కాలువ గట్టు గుర్తొచ్చింది.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ విషయాన్ని తన మీదే పరీక్షించుకున్న పెద్దమనిషి ఒకడున్నాడు. చార్లెస్ బ్రౌన్-సెకార్ 1817లో మారిషస్‌లోని పోర్ట్ లూయీలో పుట్టాడు. ఆయన పుట్టిన తరవాతి దశాబ్దాల్లో మన కోస్తా జిల్లాలవాళ్ళు చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి వెళ్ళిన మారిషస్సే అది. పెద్ద నాడీ శాస్త్రవేత్త అయ్యాడు. నల్లగా ఉన్న తన గడ్డంలో తెల్లవారేసరికి కొన్ని తెల్ల వెంట్రుకలు కనిపించాయనీ, వాటిని పీకేస్తే మళ్ళీ కొత్తవి కనిపించాయనీ 1869లో ప్రచురించాడు. ఇరవై ఏళ్ళ తరవాత ఇదే పెద్దమనిషి కుక్కల, గినీ పందుల వృషణాల రసాన్ని ఇంజెక్షన్‌గా పొడుచుకుని, తనకి యవ్వనం తిరిగొచ్చిందని ప్రకటించాడు. తన తల గురించి తనే సాక్ష్యం చెప్పే మనిషిని ఎంతవరకు నమ్మాలో దీన్నిబట్టి తెలుస్తుంది. నేను కూడా ఆ కోవలోవాడినే కాబట్టి పాఠకులు జాగ్రత్తగా చదవగలరు.

పారిస్ పెరుగు, భీమవరం మనిషి

1901లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ నుంచి ఇల్యా మెచ్నికోవ్ కొత్త సిద్ధాంతం తెచ్చాడు. క్రిములను మింగే తెల్ల రక్తకణాలను కనిపెట్టినవాడాయన, అందుకే 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. అలాంటి కణాలే ముసలితనంలో వెంట్రుకలోకి దూరి రంగును తినేస్తాయని ఆయన వాదం. పెరుగు తింటే ఆయుస్సు పెరుగుతుందని యూరప్‌కి చెప్పినవాడు కూడా ఈయనే. రంగు తినే కణాల కథ నిలబడలేదు, పెరుగు మాత్రం నిలబడింది.

1930ల చివరికి అందరి చూపూ విటమిన్ల మీద పడింది. ఇక్కడ మన సభల్లో తరచు వినిపించే ఒక పేరు వస్తుంది. భీమవరంలో 1895లో పుట్టి, 1923లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు. పాంటోథెనిక్ ఆమ్లం, అంటే ఇవాళ మనం బి5 విటమిన్ అనేది, ఎలుకల పోషణకు అవసరమైనదని 1939లో ఆయనా జార్జ్ హిచింగ్స్ కలిసి ప్రచురించారు. ఈ హిచింగ్స్‌కే చాలాకాలం తరవాత, 1988లో, నోబెల్ వచ్చింది. ఆ రోజుల్లోనే ఇంకో సంగతి తేలింది. ఈ పదార్థం లేని తిండి పెడితే నల్ల ఎలుకలు నెరుస్తాయి. తిరిగి పెడితే మళ్ళీ నల్లబడతాయి!

ఇంకేముంది, నెరుపుకి మందు దొరికిందని అమెరికాలో పెద్ద ఆశ పుట్టింది. మాత్రలు అమ్మకానికొచ్చాయి. మనుషుల మీద ప్రయత్నిస్తే మాత్రం ఎలుకల్లో కనిపించిన ఫలితం నిలబడలేదు. ఎలుక నెరిసింది లోపం వల్ల, మనిషి నెరిసేది ఎక్కువగా వయసు వల్ల. రోగం ఒకటి, మందు ఒకటి. అయినా ఇందులో మనకి పనికొచ్చే ముక్క ఒకటుంది. పాతికేళ్ళ లోపే పిల్లల తల నెరుస్తుంటే బి12 లోపం, థైరాయిడ్ తేడా ఉన్నాయేమో రక్తపరీక్ష చేయించడం మంచిది. శాకాహారుల ఇళ్ళలో బి12 తక్కువ ఉండటం మామూలే. లోపం వల్ల వచ్చిన నెరుపు కొందరిలో వెనక్కి తగ్గుతుంది కూడా.

అరికలు, జలగలు, కరక్కాయ సిరా

కారణం తెలియకపోయినా కప్పిపెట్టడం మాత్రం మనిషి ఏనాడో నేర్చాడు. రాజులు తెల్ల వెంట్రుక చూసి అడవికి వెళ్ళారని కథలు చెప్పుకున్న దేశంలోనే, ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో తల రంగు తయారీ రాసిపెట్టాడు. నెరిసిన తలవాడికి పూలదండలూ నగలూ శోభనివ్వవు కాబట్టి ముందు తల సంగతి చూసుకోమంటాడు. ఇనప పాత్రలో పులిసిన కాంజికంతో అరికలు వండి, ఇనప పొడి కలిపి మెత్తగా నూరి తలకి పట్టించాలి. పచ్చి ఆకులు చుట్టి రెండు జాములు, అంటే ఆరు గంటలు, ఉంచాలి. కడిగేసి ఉసిరి ముద్ద పట్టించి మళ్ళీ అంతసేపు ఉంచాలి. ఆ తరవాత ఇనప వాసనా పులుపు వాసనా పోవడానికి సుగంధ ద్రవ్యాలు. నా శనివారాలు గంటలో తేలిపోయేవి, వాళ్ళకి పగలంతా పట్టేది.

ఈ విధానం మూఢనమ్మకం కాదు. పులుపులో ఇనుము కరుగుతుంది. ఉసిరికాయలో టానిన్ ఉంటుంది. ఇనుమూ టానినూ కలిస్తే నల్లటి పదార్థం వస్తుంది. మన పెద్దలు కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసుకున్నది ఈ సూత్రం మీదే. మా తాతగారు కరక్కాయ సిరా గురించి చెప్పినప్పుడు, తలకి పూసుకునేదీ కాగితం మీద రాసేదీ ఒకే రసాయనమని ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

రోమన్ల పద్ధతి వింటే కడుపులో తిప్పుతుంది. జలగలను వెనిగర్‌లో వేసి, సీసపు పాత్రలో కుళ్ళబెట్టి తలకి పూయమన్న వంటకాన్ని మొదటి శతాబ్దపు ప్లినీ నమోదు చేశాడు. పూసుకునేటప్పుడు నోట్లో నూనె పుక్కిట పట్టాలట, లేకపోతే పళ్ళు కూడా నల్లబడతాయట! సీసం, సున్నం కలిపిన ఇంకో ప్రాచీన వంటకాన్ని 2006లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు పరీక్షించారు. సీసం వెంట్రుకలో ఉండే గంధకంతో కలిసి, మిల్లీమీటరులో లక్షల వంతు పరిమాణం గల నల్లటి స్ఫటికాలుగా లోపలే ఏర్పడుతోందని తేలింది. పనిచేస్తుంది సరే, సీసం విషం. ఆ విషాన్ని వదిలించుకోవడానికి మనకి రెండువేల ఏళ్ళు పట్టింది. ఇక్కడ అమెరికాలో 1960ల నుంచీ మగవాళ్ళకి అమ్మిన, నెమ్మదిగా నల్లబరిచే ద్రావణాల్లో సీసం లవణం ఉండేది. ఎఫ్.డి.ఎ. ఆ అనుమతిని రద్దు చేస్తున్నట్టు 2018లో ప్రకటిస్తే, అభ్యంతరాలన్నీ తేలి అది ఖాయమయ్యేసరికి 2022 వచ్చింది.

తారులోంచి తల మీదికి

నేను వాడిన డబ్బాలోని రంగుకి పుట్టిల్లు బొగ్గు తారు. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడు మలేరియాకి మందైన క్వినైన్ తయారు చేద్దామని కూర్చున్నాడు. ఇండియాలో, ఇతర వలసల్లో ఆంగ్లేయులకి ఆ మందు అవసరం అంతుండేది కాదు. క్వినైన్ రాలేదు, ఊదారంగు వచ్చింది. దానితో కృత్రిమ రంగుల పరిశ్రమ పుట్టింది. ఆ పరిశ్రమే 1897లో కృత్రిమ నీలిమందును బజారులోకి తెచ్చి, మన కడప, నెల్లూరు రైతులు వేసే నీలి పంటను దెబ్బకొట్టింది. గోరింటాకు తరవాత నీలి ఆకు పట్టిస్తే జుట్టు నల్లబడుతుందని అంతకుముందు జనానికి తెలిసిన ఉపాయం. ఆ మొక్క స్థానంలోకీ తారే వచ్చింది.

పెర్కిన్ గురువు హాఫ్‌మన్ 1863లో పారా-ఫెనిలీన్-డైఅమీన్ అనే పదార్థాన్ని వర్ణించాడు. పొట్టిగా పి.పి.డి. అంటారు. దానికి రంగు లేదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలితే గాఢమైన రంగుగా మారుతుంది. 1880లలో ఫ్రాన్సులో, జర్మనీలో ఈ కోవ పదార్థాలతో జుట్టుకీ, ఉన్నికీ రంగు వేసే పద్ధతులకి పేటెంట్లు వచ్చాయి. దీని నేర్పంతా ఎక్కడుందంటే, పి.పి.డి. అణువులు చిన్నవి. అమ్మోనియా వెంట్రుక పైపొరను కాస్త తెరిస్తే అవి సులువుగా లోపలికి దూరతాయి. లోపల పెరాక్సైడ్‌తో కలిసి పెద్ద అణువులైపోయి బయటికి రాలేక చిక్కుకుపోతాయి. చిన్నప్పుడు సందులోంచి గాదెలోకి దూరి, తిని బలిసి, బయటికి రాలేకపోయిన ఎలుక కథ గుర్తుందా? అదే ఇది.

1907లో పారిస్‌లో యూజీన్ షూలేర్ అనే రసాయన శాస్త్రవేత్త తన రంగును క్షౌరశాలలకి తిరిగి అమ్మడం మొదలుపెట్టాడు. 1909లో పెట్టిన కంపెనీకి 'హాని చెయ్యని తల రంగుల ఫ్రెంచి సంఘం' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఇవాళ లోరియాల్ అంటున్నది దాన్నే. హాని చెయ్యదని పేరులోనే రాసుకోవలసి వచ్చిందంటే ఆ రోజుల్లో జనానికి ఎంత భయమో అర్థమవుతుంది. ఆ భయం ఉత్తిది కాదు. 1933లో అమెరికాలో లాష్ లూర్ అనే కనురెప్పల రంగులో ఈ పదార్థమే ఉండి ఆడవాళ్ళ కళ్ళు పోయాయి, ప్రాణం కూడా పోయింది. 1938లో కొత్త చట్టం రావడానికి ఇదొక కారణం. ఆ చట్టంలో కూడా బొగ్గు తారు తల రంగులకి మినహాయింపు దొరికింది. నిషేధించరు, హెచ్చరిక ముద్రిస్తే చాలు. ముందుగా చర్మం మీద చుక్క పెట్టి పరీక్షించుకోమని డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి, దాని వయసు మన తాతలంత. మనలో చాలామంది ఆ ముక్క చదవం. నేనూ చదవలేదు, చెవుల దగ్గర దద్దుర్లు లేచేదాకా.

నా మొదటి డబ్బా 2015లో కొన్నాను. అప్పుడు పనిచేస్తున్న చోట మా జట్టులో ఎనిమిదిమందిని తీసేశారు. వాళ్ళలో ఆరుగురివి నెరిసిన తలలు. వయసు చూసి తీశారని నేను రుజువు చెయ్యలేను. అమెరికాలో 1967 నాటి చట్టం నలభై దాటినవాళ్ళని ఉద్యోగంలో వయసు వివక్ష నుంచి కాపాడుతుంది. నాకు అప్పటికి ముప్ఫై ఆరే. చట్టం కాపాడే వయసు రాలేదు, జుట్టు మాత్రం ముందే వచ్చేసింది. గ్రీన్ కార్డు వరసలో నిలబడి ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇల్లూ, పిల్ల బడీ అన్నీ కదులుతాయి. ఆ సాయంత్రం ఇంటికి వస్తూ దారిలో మందుల షాపు దగ్గర కారాపాను. మన సినిమా హీరోలకీ రాజకీయ నాయకులకీ తల ఎందుకు నెరవదని నవ్వుకున్నవాడినే.

విత్తనాల గాదె

అసలు కారణం మన కాలంలోనే బయటపడింది. కుదురు అడుగున రంగు కణాలుంటాయి. అవి మెలనిన్ తయారు చేసి పెరుగుతున్న వెంట్రుకకి అందిస్తాయి. ఒక వెంట్రుక కొన్నేళ్ళు పెరిగి, రాలిపోయి, అదే కుదురులోంచి కొత్తది మొలుస్తుంది. ప్రతిసారీ కొత్త రంగు కణాలు కావాలి. అవి ఎక్కణ్ణుంచి వస్తాయి? కుదురు పైభాగంలో దాగి ఉండే మూలకణాల నుంచి. ఈ దాపును 2002లో ఎమి నిషిమురా బృందం ఎలుకల్లో చూపించింది. వయసుతో ఆ మూలకణాల నిలవ అయిపోవడం వల్లే నెరుపు వస్తుందని 2005లో ఆవిడే మరో వ్యాసంలో వివరించింది. రైతు గాదెలో విత్తనాలు దాచుకుంటాడు. ఏటా కొంచెం కొంచెం తగ్గిపోతూ, ఒక ఏడు విత్తనాలు లేవు. చేను ఉంది, పంట లేదు. వెంట్రుక మొలుస్తుంది, రంగు లేదు.

అంటే తెలుపు ఒక రంగు కాదు, రంగు లేకపోవడం. పంచదార పలుకు విడిగా చూస్తే గాజులా ఉంటుంది, కుప్ప పోస్తే తెల్లగా కనిపిస్తుంది. రంగు లేని వెంట్రుక కూడా అంతే, వెలుగును చెదరగొట్టి తెల్లగా కనిపిస్తుంది. నల్ల వెంట్రుక తెల్లబడదు. నల్లది రాలిపోతుంది, తెల్లది పుడుతుంది. ఒకటి పీకితే పది మొలుస్తాయన్నదీ నిజం కాదు, పక్క కుదురుకి ఆ సంగతే తెలియదు.

2009లో ఇంకో సంగతి తెలిసింది. నెరుస్తున్న వెంట్రుకల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోగుపడుతోందనీ, దాన్ని విరగ్గొట్టే ఎంజైము తగ్గిపోతోందనీ బ్రాడ్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. రంగు తయారు చేసే యంత్రాంగాన్ని ఆ పెరాక్సైడే పాడు చేస్తుంది. నా రంగు డబ్బాలో రెండో సీసా ఏమిటనుకున్నారు? హైడ్రోజన్ పెరాక్సైడే. లోపల తెల్లబరిచిన దానితోనే పైన నల్లబరచుకుంటున్నామన్నమాట.

ఎవరికి ఎప్పుడు నెరవాలన్నది చాలామటుకు వంశం నిర్ణయిస్తుంది. యూరప్ మూలాలవాళ్ళకి ముప్ఫైల మధ్యలో, ఆసియావాళ్ళకి ముప్ఫైల చివర, ఆఫ్రికా మూలాలవాళ్ళకి నలభైల మధ్యలో మొదలవుతుందని లెక్క. యాభై ఏళ్ళకి సగంమందికి సగం తల నెరుస్తుందని ఒక పాత నానుడి ఉండేది. నాలుగు వేలమందికి పైగా జనాన్ని పరిశీలించి 2012లో ప్రచురించిన సర్వేలో అది పొరపాటని తేలింది. నలభై అయిదు నుంచి అరవై అయిదు ఏళ్ళ మధ్యవాళ్ళలో 74 శాతం మందికి తెల్ల వెంట్రుకలున్నాయి, కాని ఉన్నవాళ్ళలో సగటున పావు వంతు తలే నెరిసింది. నెరుపుతో సంబంధం ఉన్న జన్యువు ఒకటి 2016లో తొలిసారి దొరికింది.

అమ్మాయికి చెప్పిన జవాబు

మరి దుఃఖం? 2020లో హార్వర్డ్‌లో యా-చియే షూ బృందం దీన్ని సూటిగా పరీక్షించింది. నల్ల ఎలుకలకి తీవ్రమైన ఒత్తిడి కలిగిస్తే అవి నెరిశాయి. ఎలా జరిగిందో ఒక్కొక్క అనుమానమే తీసి పక్కన పెట్టుకుంటూ వచ్చారు. రోగనిరోధక కణాల పని అనుకున్నారు, కాదు. ఒత్తిడి హార్మోను కార్టిసోల్ అనుకున్నారు, కాదు. చివరికి దొరికింది నాడీ తంతువు. ప్రమాదం ఎదురైనప్పుడు గుండెను దడదడలాడించే నాడుల కొసలు ప్రతి కుదురు దగ్గరికీ వస్తాయి. అవి నోరెపినెఫ్రిన్ విడుదల చేస్తే గాదెలోని విత్తనాలన్నీ ఒకేసారి మొలకెత్తి, చెల్లాచెదురైపోతాయి. కొద్ది రోజుల్లో గాదె ఖాళీ. తరవాత వచ్చే ప్రతి వెంట్రుకా తెలుపే.

2021లో కొలంబియా విశ్వవిద్యాలయం మార్టిన్ పికార్డ్ బృందం పద్నాలుగుమంది మనుషుల వెంట్రుకలను, చెట్టు కాండంలో వలయాలు చదివినట్టు, మొదలు నుంచి కొస దాకా చదివింది. ఒత్తిడి ఎక్కువున్న నెలలతో తెలుపు జతపడిన వెంట్రుకలు దొరికాయి. ఒకతను రెండు వారాలు సెలవు మీద వెళ్ళొస్తే అయిదు వెంట్రుకలు తిరిగి నల్లబడ్డాయి! అవి సరిహద్దులో ఉన్న వెంట్రుకలు. ముగ్గుబుట్ట తల సెలవులతో నల్లబడదు. రంగు మూలకణాలు వయసు మీరేకొద్దీ కదలలేక ఒకచోట ఇరుక్కుపోతాయని 2023లో న్యూయార్క్ పరిశోధకులు ఎలుకల్లో చూపించారు. పరిశోధన ఇంకా సాగుతోంది. కాబట్టి శోకాన్ని జాబితాలో చేర్చిన సుశ్రుతుడు ఒక ముక్క సరిగ్గా చూశాడు. వేడి తలకెక్కుతుందన్న ముక్క తప్పింది. మన పూర్వులకి అన్నీ తెలుసనడానికి ఇది రుజువు కాదు. వాళ్ళు మనుషుల్ని దగ్గరగా చూశారనడానికి రుజువు.

ఒక ఆదివారం అమ్మాయిని కూర్చోబెట్టి అంతా చెప్పాను. శనివారాల సంగతి ముందు చెప్పాను. "అంటే ఇన్నాళ్ళూ నాకు అబద్ధం చెప్పావా?" అంది. అవునన్నాను. తాతయ్య పోయిన రెండు నెలల్లో ఇది జరగలేదు, ఎప్పుడో మొదలయింది, గుండుతో బయటపడింది అన్నాను. "అయితే బాధ వల్ల కానే కాదా?" అంది. అది కూడా చెప్పలేనన్నాను. ఆ ఎనిమిదేళ్ళలో ఎంత వయసుదో, ఎంత మా వంశానిదో, ఎంత గ్రీన్ కార్డుదో, నాన్నకి ఒంట్లో బాగాలేదని అర్ధరాత్రి ఫోను మోగినప్పుడల్లా పడిన భయానిదెంతో ఏ వెంట్రుక నుంచీ ఇప్పుడు విడదీయలేం. కోసిన జుట్టు కాలువలో కలిసిపోయింది.

నాన్నగారు రంగు వేసుకోలేదు. నలభైకే నెరిసిన తలతో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పారు. నా గుండు మొలిచాక ఫోనులో చూసి అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత "అచ్చం మీ నాన్నలా ఉన్నావురా, రంగేసుకో" అంది. మర్నాడు తనే ఫోను చేసి, "వద్దులే, అలాగే ఉంచు" అంది.

ఏడాదిపైగా అలాగే ఉంచాను. తరవాత ఉద్యోగం మారవలసి వచ్చింది. ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు షాపుకి వెళ్ళి డబ్బా తెచ్చాను. ఈసారి తలుపు వేసుకోలేదు. ముందుగా మోచేతి మడతలో చుక్క పెట్టి రెండు రోజులూ ఆగి చూశాను. వెనక భాగం నాకు కనబడదు కాబట్టి బ్రష్షు అమ్మాయికిచ్చాను. చెవుల దగ్గర మాత్రం వెయ్యొద్దన్నాను, అక్కడ నాకు పడదు. అక్కడ తెలుపు అలాగే ఉంది.